ఊపిరి బిగబట్టిన ఫోటోలు

రెక్సిన్ సంచి జిప్పు లాగగానే ముందుగా బయటికొచ్చేది కెమెరా కాదు, వాసన. పాతబడిన రెక్సిను, ఎప్పుడో కారి ఎండిపోయిన పెన్సిల్ సెల్లుల పొడి, లోపల పెట్టి మరిచిపోయిన కలరా ఉండ, వీటన్నిటి అడుగున సన్నగా, పుల్లగా, ముక్కుకు తగిలీ తగలకుండా ఇంకొకటి. ఆ చివరిది మా నాయన చేతుల వాసన. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా ఎక్స్‌రే ఫిలిములు కడిగిన చేతులవి. ఆయన పోయి మూడేళ్లయినా ఆ మందు పులుపు ఈ సంచిని వదల్లేదని నేనంటాను. అమ్మకిచ్చి వాసన చూడమంటే మాత్రం, "నాకేమీ తెలీలేదే, జలుబు చేసుండాది" అని మొహం తిప్పుకుంటుంది. ఆమెకు జలుబు లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

కుప్పంలో నేను బడిపంతులమ్మను. ఆదివారం ఆరాధన అయ్యాక ఈ కెమెరా మెడలో తగిలించుకుని రైల్వే స్టేషన్ వీధి నుంచి సంత దాకా నడవడం రెండేళ్లుగా నా అలవాటు. తెలుగులో బేరం మొదలుపెట్టి, అరవంలో పోట్లాడి, కన్నడంలో రాజీపడే వీధులవి, ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లకు అంతకన్నా ఏం కావాలి. రీలు బెంగళూరు నుంచి తెప్పించుకోవాలి, ముప్పయ్యారు బొమ్మలూ అయ్యాక కడిగించడానికి మళ్లీ బెంగళూరికే పంపాలి, కాబట్టి వేలు ఊరికే నొక్కదు. మల్లెపూల బుట్ట ముందు నిలబడి, ఎండ పూలమ్మే ఆమె చెంప మీదికి జారేదాకా కాచుకుని, తీరా నొక్కబోయేసరికి లారీ అడ్డమొచ్చి ఉత్త చేతులతో ఇంటికి పోయిన రోజులు బోలెడు.

మొన్న కొత్తిమీర కట్టలమ్మే మునెమ్మను తీశాను. తీసీ తీయగానే ఆమె కెమెరా లాక్కుని వెనక్కి తిప్పి చూసింది. "యాడమ్మా నా మొగం? దీనికి టీవీ లేదా?" అనింది. రెండు నెలలు ఆగాలని చెప్తే, "అంతవరకు నేనుండొద్దా!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకు దక్కలేదు. ఎందుకంటే తీసేటప్పుడు నా నోరు నా మాట వినకుండా "గాలి పీల్సు... ఆపు... కదలాకు" అనేసింది, పాపం ఆమె చెంపలు ఉబ్బించుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. అది మా ఇంటి జబ్బు. ఎక్కడ అంటుకుందో చెప్పాలంటే మదనపల్లె పోవాలి.

ఆసుపత్రి వెనక మిషన్ క్వార్టర్స్, పెంకుటిళ్ల వరుసలో నాలుగో ఇల్లు మాది. డిసెంబరు పొద్దుల్లో మంచు ఎంత దట్టంగా దిగేదంటే గేటు దగ్గర టీ బండి కనిపించేది కాదు, కాగుతున్న పాల వాసన మాత్రం నడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చేది. కలకడ వైపు నుంచి టమోటా లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతుంటే గతుకు దగ్గర రాలిన పండ్లు ఏరుకుని, గౌనుకు తుడుచుకుని, ఉప్పద్దుకుని తినేవాళ్లం. వానలు పడితే ఉడకబెట్టిన పచ్చి చెనక్కాయలు, చలి మొదలైతే కొండ మీది నుంచి దిగే సీతాఫలాలు, క్రిస్మస్ దగ్గర పడితే ఏ ఇంటి ముందుకు పోయినా నూనెలో వేగుతున్న నిప్పట్లు, కజ్జికాయలు. తొక్కుడుబిళ్ల, గచ్చకాయలు అందరు పిల్లల్లాగే మేమూ ఆడినా, ఎక్స్‌రే ఆట అని మాకు మాత్రమే ఉన్న ఆట ఒకటుండేది. గోడకు రొమ్ము ఆనించి నిలబడాలి, వెనక ఒకరు "ఆపు" అంటారు, ఎవరు ముందు ఊపిరి వదిలితే వాళ్లు ఔటు. ఆ ఆటలో నన్ను గెలిచినవాళ్లు లేరు, ఎక్స్‌రే ప్రకాశం కూతురినాయె.

నాయన పేరు ప్రకాశం. ఎక్స్‌రే గది పక్కన ఆయనకొక చీకటి గది ఉండేది. ఎర్ర బల్బు, మందు తొట్లు, తీగకు బట్టల్లా వేలాడే తడి ఫిలిములు, వాటిలో ఊళ్లోవాళ్ల పక్కటెముకలు. సాయంత్రం సబ్బుతో ఎంత రుద్దుకున్నా ఆ పులుపు చేతులకు అంటే ఉండేది; రాగిసంగటి ముద్ద ఊరిబిండిలో అద్ది నా నోట్లో పెట్టేటప్పుడు సంగటి కంటే ముందు ఆ వాసనే నాకు తగిలేది, అదీ కూడులో భాగమే అనుకుని మింగేదాన్ని. పొద్దంతా ఆయన చెప్పే మాటలు నాలుగే. "గాలి పీల్సు... ఆపు... కదలాకు... ఆ, ఇడిసిపెట్టు." మదనపల్లెలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆయన ముందు ఊపిరి బిగబట్టినవాళ్లే. బజార్లో ఎదురుపడితే నమస్కారం పెట్టబోయి, అలవాటుగా రొమ్ము ఉబ్బించి, తర్వాత సిగ్గుపడి నవ్వేవాళ్లు.

ఈ కెమెరా ఆయనకు ఇచ్చింది దొరసాని డాక్టరమ్మ, కొలువు చాలించుకుని వాళ్ల దేశం వెళ్లిపోతూ. సబ్బు బిళ్లంత చిన్న నల్ల పెట్టె, ముందు మూత పక్కకు జరిపితే కన్ను తెరుస్తుంది, నొక్కితే టక్కుమని జర్రున రీలు తనే తిప్పుకుంటుంది. సరిచేయడానికి ఏమీ లేదు, ఎదురుగా పెట్టి నొక్కడమే. అంత సులువు నాయనకు నచ్చలేదు. ఫిలిం అంటే ఆయనకు ఒక క్రమం ఉంది, మనిషి కదిలితే ఫిలిం చెడుతుంది, చెడితే మళ్లీ తీయాలి, మళ్లీ తీయడం దండగ. అందుకని కెమెరా ముందుకు ఎవరొచ్చినా సరే, ఆ నాలుగు మాటలూ చెప్పాల్సిందే. మూడో మాటకూ నాలుగో మాటకూ నడుమ నొక్కేవాడు.

మా ఆల్బం చూసిన కొత్తవాళ్లు "మీ ఇంట్లో అందరికీ ఇంత కోపమా?" అని అడిగేవాళ్లు. మట్టలాదివారం కొబ్బరాకులు పట్టుకున్న పిల్లలు, నా బాప్తిస్మం, మేనమామ పెండ్లి, అన్నింట్లో అందరూ కళ్లు పెద్దవి చేసి, రొమ్ములు పొంగించి, ఎవరో గొంతు పట్టుకున్నట్టు నిలబడి ఉంటారు. వీధి ఫోటోలూ అంతే. నెలకొక ఆదివారం గుడి అయ్యాక నాయన నన్ను వెంటబెట్టుకుని టమోటా మండీ దాకా నడిచి సరిగ్గా ఒక్క బొమ్మ తీసేవాడు. నెత్తిన పండ్ల పెట్టెతో పరుగెత్తే హమాలీని ఆపి, "అన్నా, గాలి పీల్సు" అనేవాడు. ఆ బరువు కింద ఆ మనిషి నిజంగానే పీల్చి ఆపేవాడు, ఎక్స్‌రే ప్రకాశం చెప్తే పీల్చకుండా ఎట్లా. ఇక ఫోటోలు చూడటమంటే మా ఇంట్లో కిటికీ దగ్గరికి పోయి, వెలుతురుకు అడ్డంగా ఎత్తి పట్టుకుని చూడటమే. కాగితం ఫోటోకు ఆ అవసరం లేదని నాకు పెళ్లయ్యాక మా ఆయన చెప్పేదాకా తెలీదు.

ఆ ఆల్బంలో ఒక మనిషి లేదు. నాయన చెల్లెలు, మా సలోమి అత్త. కుట్టు నేర్చుకోవడానికి పోయే దారిలో పుంగనూరు మెకానిక్ రమణప్పతో మాట కలిసి, ఒకరోజు ఇంట్లో చెప్పకుండా పోయి ఆఫీసులో సంతకం పెట్టి పెండ్లి చేసుకుంది. అప్పుడు నాకు నాలుగేళ్లు. మా అవ్వ మార్తమ్మకు ఆ పిల్లవాడి మీద పెద్ద కోపం లేదు, మనవాడు కాడన్న బాధ కూడా రెండో వరసే. తన కడుపున పుట్టింది తనకు చెప్పకుండా పోయింది, ఆ సంగతి పంపు దగ్గర పరాయి మనిషి చెప్తే తెలిసింది, అదే ఆమె మింగలేకపోయింది. పెద్దమండ్యం చేలల్లో కూలి చేసి ఇద్దర్నీ సాకిన మనిషి. ఆయాసంతో తాత ఇదే ఆసుపత్రి మంచం మీద ఎగపోస్తూ పోతే, కళ్లు తుడుచుకుని మరుసటి వారం పనిలోకి పోయిన మనిషి. గడప పక్కన కూర్చుని ఆకుకు సున్నం రాసుకుంటూ ఎంతసేపైనా కబుర్లు చెప్పేది గానీ, ఎవరి నోటైనా సలోమి పేరు వస్తే లేచిపోయి, శుభ్రంగా ఉన్న బియ్యాన్నే మళ్లీ చెరిగేది. ఆమెకు భయపడి ఆరేళ్లపాటు నాయన పుంగనూరు బస్సెక్కలేదు.

నేను ఐదో తరగతిలో ఉండగా, డిసెంబరులో, అత్తకు మూడేళ్ల కూతురుందని, దానికి మార్త అని అవ్వ పేరే పెట్టారని ఆసుపత్రికొచ్చిన ఎవరో చెప్పారు. ఆ రోజు ఇంట్లో అందరం చాట చుట్టూ కూర్చుని పితికిపప్పు ఒత్తుతున్నాం. నానబెట్టిన అనపగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు ఎగిరి చాటలో పడుతుంది, తొక్క వేళ్లకే ఉండిపోతుంది. నాయన చాట వైపే చూస్తూ ఆ మాట మెల్లగా వదిలాడు. అవ్వ వేళ్లు ఆగాయి. తర్వాత "గింజలు ముదిరిపోయుండాయి" అని మాత్రం అని మళ్లీ ఒత్తసాగింది. ఆ శనివారం నాయన, "దొరసానమ్మ పుంగనూరు పొట్టావుల ఫోటోలు పంపమని జాబు రాసింది, రేపు పోయొస్తామ్మా" అన్నాడు. జాబు వచ్చిన మాట నిజమే, కాకపోతే అది ఉగాది నాటిది. అవ్వ ఇంకో ఆకుకు సున్నం రాసుకుంది.

పుంగనూరులో బస్సు దిగి ఒక సందులోకి తిరిగామో లేదో, ఎదురుగా అత్త. నీళ్ల బిందె అక్కడే పెట్టేసి, "అన్నా" అని నాయన చేయి పట్టుకుని ఊపుతూ ఉండిపోయింది, ఏడవనూ లేదు, వదలనూ లేదు. రమణప్ప మామ నూనె మరకల చొక్కాతోనే నాటుకోడి తేవడానికి పరుగెత్తాడు. తిన్నాక నాయన ముగ్గుర్నీ గోడకు నిలబెట్టాడు. గాలి పీల్సు, ఆపు, కదలాకు. ఇంకొకటి అత్తదొక్కదానిదే. తర్వాత నిజంగానే రెండు పొట్టావుల్ని తీశాడు, అవీ కదల్లేదు. "నాయనా, నాకొకటి, ఒక్కటే" అని నేను పొద్దుటి నుంచి పీకుతున్న పోరు పడలేక, చివరి బొమ్మ నీదే అని కెమెరా చేతిలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే చిన్న మార్త పొట్టావు తోక పట్టుకుంది, ఆవు వీధిలోకి నడిచింది, తోకతో పాటు పిల్ల కూడా నడిచింది, వెనకే కొంగు జారిపోతూ, తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వుతూ అత్త. నాలుగు మాటలు చెప్పే తీరిక నాకు దొరకలేదు, నొక్కేశాను. జుయ్యిమని రీలు వెనక్కి చుట్టుకుంది. "ఆవు తోక తీసినావా? సరిపోయింది" అన్నాడు నాయన.

వారానికి రీలు కడిగి వచ్చింది. నాయన ఫోటోలు పేర్చిన తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. పైన ఆవులు, నడుమ అత్త ఒక్కతే ఉన్నది, కింద మళ్లీ మండీ ఫోటోలు. ఆ కట్ట అవ్వ చేతికిచ్చి, తను వీపు తిప్పి గడియారానికి కీ ఇస్తూ నిలబడ్డాడు. అవ్వ కిటికీ దగ్గరికి పోయి ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తింది. ఆవు. ఆవు. తర్వాత చేయి దిగలేదు. అమ్మ వంటింటి గడపలో ఆగిపోయింది.

"ప్రకాశా," అంది అవ్వ, "నా బిడ్డకేమైంది?"

ఆరేళ్ల తర్వాత అత్త గురించి ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. నా బిడ్డ అంది. "యాల ఇట్ల బిగుసుకోనుండాది? నవ్వకుండా యాడా నిలబడిన పిల్ల కాదే. మీ నాయన మాదిరి ఊపిరాడతా లేదా దానికి? సెప్పురా!" నాకు నవ్వొచ్చింది, అది నాయన పీల్చమన్న గాలేనని తెలుసుగా. అసలు అత్త ఎట్లుందో చెప్పడానికి నా ఫోటో ఉండనే ఉంది! "అవ్వా, నేను తీసింది..." అనబోయాను. నాయన గడియారం దగ్గర్నుంచి నా వైపు ఒక్క చూపు చూశాడు. జీవితంలో నన్ను ఒక్క దెబ్బ కొట్టని మనిషి, ఆ చూపుతో నా నోరు మూయించాడు. "బాగానే ఉండాదిమ్మా" అని మాత్రం అన్నాడు, అవ్వ నమ్మలేదు. నా ఫోటో ఆయన చొక్కా జేబులో ఉంది, తర్వాత బైబిల్లోకి పోయింది. అవ్వకు చదువు రాదు కాబట్టి అంతకన్నా భద్రమైన చోటు ఇంట్లో లేదు.

నేను పెరట్లో కూర్చుని ఏడ్చాను. నేను తీసింది వంకరగా వచ్చింది, సగం ఆవు తెగిపోయింది, అందుకే నాయన సిగ్గుపడి దాచేశాడనుకున్నాను. ఆయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నా ఫోటో యాల సూపలేదు నాయనా?" అని అడిగాను. "శానా బాగుండాది పాపా, అందుకే సూపలేదు" అన్నాడు. "అది సూస్తే అవ్వ కుదుటపడతాది. కుదుటపడితే కదలదు." ఆయనేమీ అబద్ధం చెప్పలేదు, ఒక్క ఫోటో చూపలేదు, అంతే. అయినా తల్లిని అంత భయంలో ఉంచినందుకు ఆ పూట ఆయనకు కూడు దిగలేదు. పితికిపప్పు పులుసంటే ప్రాణమిచ్చే మనిషి కంచం పక్కకు జరిపేశాడు.

మరునాడు తెల్లారగట్ల మొదటి బస్సుకు అవ్వ ఒక్కతే పుంగనూరు పోయింది, సంచిలో రెండు శేర్ల అనపగింజలు, నిప్పట్ల డబ్బా. రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి, "దానికేం రోగం, దుక్కలా ఉండాది. నీ కెమెరాను కాల్చ" అని నాయనను తిట్టింది. వెనకే అత్త, మామ, చిన్న మార్త. ఆ క్రిస్మస్‌కు తీసిన ఫోటోలో మేమంతా ఉన్నాం, ఎప్పటిలాగే గుండెలనిండా గాలితో. నాయన వైద్యం పని చేసిందని నేనూ నమ్మాను. నా ఫోటో మాత్రం పనికిరానిదిగా బైబిల్లోనే ఉండిపోయింది.

తర్వాత ఎక్స్‌రేలకు ఫిలిం పోయింది, ఎర్ర బల్బు పోయింది, చీకటి గదిలో ఇప్పుడు పాత కుర్చీలు పెట్టుకున్నారట. క్వార్టర్స్ పెంకుటిళ్లు పడగొట్టారు. ఎక్స్‌రే ఆట ఆడే పిల్లలు లేరు. అవ్వ పోయింది, ఆమె తర్వాత చాలా ఏళ్లకు నాయన పోయాడు. ఆయన బైబిలు నాకు వచ్చినప్పుడు అందులో ఆ ఫోటో చూశాను. రంగులు కాస్త ఎర్రబారినా అత్త ఇంకా నవ్వుతూనే ఉంది. వెనక తిప్పితే పసుపుబారిన కాగితం మీద తెల్లగా, బొటనవేలంత మరక. స్టూడియోవాళ్ల నిర్వాకం అనుకున్నాను.

ఈ చలికాలం మొదట్లో ఆ ఫోటో, ఈ కెమెరా తీసుకుని పుంగనూరు పోయాను. అత్తకు ఇప్పుడు జుట్టంతా నెరిసింది. వాకిట్లో చాట ముందు కూర్చుని పితికిపప్పు ఒత్తుతోంది. ఇన్నేళ్లూ దాచిన వస్తువు చూపిస్తున్నానన్న గొప్పతో ఫోటో ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, వెనక్కి తిప్పి, ఆ తెల్ల మరక మీద తన బొటనవేలు పెట్టింది.

"దీన్ని నేను ఆ పొద్దే సూసినానే" అంది. "మీ అవ్వ కొంగున కట్టుకోని వచ్చింది. ఇది ఆమె సున్నం యేలి గుర్తే."

బస్సుకు పోయే ముందు అవ్వ బైబిలు తీసి కళ్లకద్దుకుంటే అందులోంచి జారి పడిందట. "రోగమొచ్చిందేమోనని పోదామని లేసినా గానీ, కాళ్లు రాలేదు సలోమీ" అని చెప్పిందట అత్తతో. "నువ్వు నవ్వతాండేది సూసినాకే కాళ్లొచ్చినాయి." తిరిగి పోయేటప్పుడు మళ్లీ కొంగున కట్టుకుంటూ, "ఇది నేను సూసినట్టు మీ యన్నకు సెప్పాకు, పాపం, దాసిపెట్టుకోనుండాడు" అని ఒట్టు వేయించుకుందట. అత్త ఆ ఒట్టు ఇద్దరూ పోయేదాకా నిలుపుకుంది. నేను ఆ వాకిట్లోనే కూర్చుని, ఈ వయసులో, పెరట్లో ఏడ్చిన పదేళ్ల పిల్లలాగా ఏడ్చాను. వంకర ఫోటోనే. సగం ఆవు తెగిపోయిన ఫోటోనే.

"సరేలే, నన్నొకటి తీ" అని అత్త చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, నేనేమీ చెప్పకుండానే గుండెనిండా గాలి పీల్చి బిగబట్టింది. నేను కెమెరా కంటికి పెట్టుకుని నొక్కకుండా అట్లే కూర్చున్నాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి, చెంపలు ఎర్రబడ్డాయి, ఇక ఆపుకోలేక "ఎంతసేపే!" అని ఒక్కసారిగా ఊపిరి వదిలి నవ్వేసింది. అప్పుడు నొక్కాను. ఆ రీల్లో ఇంకా పదకొండు బొమ్మలున్నాయి, కుప్పం వీధుల్లో అవి అయ్యాక బెంగళూరికి పంపాలి.